తిరిగొచ్చేంత దూరం

మా కొండ మీద ఒక అబద్ధం ఉంది. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు చెప్పే అబద్ధం. ఎక్కేవాడు చెమటలు కక్కుతూ, పక్కనున్న బండకు చెయ్యి ఆనించి, ఇంకా ఎంత దూరమండీ అని అడుగుతాడు. దిగేవాడు చల్లగా నవ్వి "వచ్చేశారు, ఇంకొంచెమే" అంటాడు. ఆ ఇంకొంచెం గంట కావచ్చు, రెండు గంటలు కావచ్చు. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అయినా తైపే చుట్టూ ఉన్న కొండలన్నిటి మీదా పొద్దున లేస్తే వినిపించేది ఈ మాటే. బస్సు ఆఖరి స్టాపు పక్కన నాది టిఫిన్ కొట్టు. వేడి సోయా పాలు, గుడ్డు అట్లు అమ్ముకునే నేను కూడా, కొండ మెట్ల వైపు చూసి నీరసపడేవాళ్లకు ఆ మాటే వడ్డించేదాన్ని.

ఆ మాట అననిది ఒక్క బోంగ్యో.

ఒకసారి కొత్త బట్టలు, కొత్త కర్రతో వచ్చిన ఒక భారీ మనిషి ఆమెను దారి మధ్యలో అడిగాడట. "చాలా ఉంది నాయనా. నువ్వెక్కింది మూడో వంతు కూడా కాదు. ఇప్పటికే పెదాలు నల్లబడ్డాయి. ఇక్కణ్నుంచి దిగిపో, ఇంకో రోజు రా" అంది. పక్కనున్న అతని పెళ్లాం, పొద్దున్నే ఆ అపశకునపు మాటలేమిటని మండిపడింది. ఇద్దరూ అక్కణ్నుంచే దిగొచ్చి నా బెంచీ మీద కూర్చుని, పాలు తాగుతూ, ఆ ముసలమ్మ నోట్లో మన్ను పడ అని తిట్టారు. ఆ మనిషి ఏ బండ మీదో వెల్లకిలా పడి ఉండకుండా నా బెంచీ మీద కూర్చుని తిట్టగలుగుతున్నాడంటే అది ఎవరి పుణ్యమో వాళ్లకు తట్టలేదు. నేనూ చెప్పలేదు. గిరాకీ గిరాకీయే కదా.

బోంగ్యో అనే పేరుకు మా పాత భాషలో 'పుట్టింది కాబట్టి ఎలాగోలా పెంచుదాంలే' అని అర్థం. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇళ్లల్లో చివరి పిల్లకు తగిలించే పేరది. ఆ కాలం వాళ్లు చాలామంది పెద్దయ్యాక ఆఫీసుకెళ్లి, పువ్వు పేరో చంద్రుడి పేరో పెట్టుకుని వచ్చారు. ఈమెనూ మార్చుకోమన్నారు. "పెట్టినవాళ్లు సిగ్గుపడాలి, నేనెందుకు పడాలి" అని ఆ పేరుతోనే పెళ్లి చేసుకుంది, ఆ పేరుతోనే గొడుగుల ఫ్యాక్టరీలో చేరింది. జుట్టు నెరిసేదాకా గొడుగు ఊచలకు గుడ్డ బిగించి కుట్టింది. టాక్సీ నడిపే మొగుడు మధ్యలోనే పోతే, ఉన్న ఒక్క కూతురు వాన్రూను ఆ గొడుగుల మీదే పెంచింది. వాన్రూ ఇప్పుడు నగరంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తోంది. తల్లీకూతుళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో వండుకుంటారు, ఒక్క విషయంలో కూడా ఏకీభవించరు.

ఉద్యోగం మానేసిన ఏడాది బోంగ్యో గుండెలో కవాటం చెడింది. కోసి బాగుచేశారు. నడవాలి, ఎక్కకూడదు అన్నాడు డాక్టరు. ఆ మాటను వాన్రూ పట్టుకుంది. నది ఒడ్డున సిమెంటు బాట ఉంది, అడుగడుక్కీ బెంచీలున్నాయి, పక్కనే ఆస్పత్రి ఉంది, అక్కడే నడవమంది. బోంగ్యో కొన్నాళ్లు నడిచింది. అటు చివర వంతెన, ఇటు చివర వంతెన. ఎదురొచ్చేవాళ్లందరూ తనలాగే గుండెలో, తుంటిలో ఏదో ఒకటి వేయించుకున్నవాళ్లే. ఇది ఆస్పత్రి వరండాకు పైకప్పు తీసేసినట్టుందని తర్వాత నాతో చెప్పింది.

అలా విసుగెత్తి ఒక రోజు కూతురు పనికి వెళ్లగానే బస్సెక్కి మా ఆఖరి స్టాపులో దిగింది. తేలికైన దారి ఏదని, జట్టుగా కొండలెక్కే కొండ సంఘం వాళ్లను అడిగింది. వాళ్లు మెట్ల దారి చూపించి, చిన్నపిల్లలు కూడా ఎక్కేస్తారన్నారు. కొండలెక్కేవాడికి తేలిక అనే మాటకు అర్థం వేరు. పైకి చూసిన బోంగ్యోకు అది అర్థమైంది. ఆ రోజు ఎక్కకుండా నా బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి వెదురు కొమ్ముల కావడి మోసుకుంటూ ఒకావిడ కొండ మీద నుంచి వస్తే ఎదురెళ్లింది. ఏ దారి తేలికని అడగలేదు. "బరువుతో ఉన్నప్పుడు ఏ దారిన వస్తావమ్మా?" అని అడిగింది. ఆవిడ స్టాపు అవతలి తోట వెనక సందులో నుంచి వెళ్లే కాలువ గట్టు చూపించింది.

అది పాతకాలపు కాలువ. పొలాలకు నీళ్ల కోసం తాతల నాడు కొండను అంచులంట తొలిచి తెచ్చింది. నీళ్లు మెట్లెక్కవు కాబట్టి గట్టు మీద నడిచేవాళ్లకూ మెట్లుండవు. ఒక పక్క రెల్లు, ఒక పక్క చల్లగా పారే నీళ్లు, పైన చెట్లంత ఫెర్నులు. పొడుగు తోకల నీలం పిట్టలు మనుషులను చూసి తిడుతూ ఎగిరిపోతాయి. బోంగ్యోకు కావలసింది దొరికింది. పైగా అక్కడ తప్పిపోవడం కష్టం. నీళ్లకు ఎదురు నడిస్తే ఇంటికి దూరం, నీళ్లతో పాటు నడిస్తే ఇంటికి దగ్గర. పొగమంచు కమ్మితే వంగి నీళ్లలో చెయ్యి పెడితే చాలు, ఎటు పారుతున్నాయో వేళ్లకు తెలిసిపోతుంది.

నీళ్లొక్కటే నమ్ముకునే మనిషి కాదు. దారి చీలే ప్రతిచోటా ఆగి వెనక్కి తిరిగి చూసేది. వెళ్లేటప్పుడు కనిపించే దారి వేరు, వచ్చేటప్పుడు కనిపించేది వేరు, రెండోదాన్ని ముందే చూసి పెట్టుకోవాలి అనేది. చిరిగిన గొడుగుల గుడ్డను పేలికలు చేసి జేబులో పెట్టుకుని, చీలిక దగ్గర ఒకటి కట్టి, తిరిగొచ్చేటప్పుడు విప్పేసేది. కట్టిన చెయ్యే విప్పాలని ఆమె నియమం. ఇది మా కొండ సంఘాలకు పూర్తిగా విరుద్ధం. వాళ్లు పేరు అచ్చు వేయించిన రిబ్బన్లు పట్టుకెళ్లి కనిపించిన కొమ్మకల్లా కడతారు. ఒక్కటీ విప్పరు. నాలుగో చీలిక దగ్గరైతే చెట్టు చెట్టులా ఉండదు, పెళ్లి పందిరిలా ఉంటుంది. ఎప్పుడో ఒక సంఘం అక్కడ పక్కదారి పట్టి, అదే దారి అనుకుని రిబ్బను కట్టింది. ఆ రిబ్బను చూసి రెండో సంఘం వెళ్లింది, తమదొకటి కట్టింది. తప్పని తెలిసి వెనక్కి వచ్చినవాళ్లలో ఒక్కడు కూడా తన రిబ్బను విప్పలేదు. దాంతో తప్పు దారికే తోరణాలు ఎక్కువైపోయాయి.

మెల్లగా బోంగ్యో వెంట జనం పోగయ్యారు. మోకాళ్లు అరిగినవాళ్లు, ఊపిరి అందనివాళ్లు, కొండ ఇక మనకు లేదులే అనుకున్నవాళ్లు. కొట్టుకు సెలవున్న రోజుల్లో నేనూ వెళ్లేదాన్ని. కాలువ పక్కన కూర్చుని ఉడికించిన చిలగడదుంపలు తిని, ఎక్కడికీ చేరకుండానే తిరిగొచ్చేవాళ్లం. ఎవరైనా ఇంకెంత దూరమని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది. చాలనుకున్నవాళ్లు అక్కడే తిరిగిపోయేవాళ్లు. అందులో సిగ్గేమీ ఉండేది కాదు. సంఘం వాళ్లు మాకు శిఖరం లేని సంఘం అని పేరు పెట్టారు. నాకు ఒళ్లు మండేది. బోంగ్యో మాత్రం పేరు బాగుందనేది.

సంఘం పెద్ద లాయ్. ఇదే రూట్లో జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యాడు. చెడ్డవాడు కాదు. ఇంకొంచెమే అనే అబద్ధాన్ని అతను చెప్పినంత తియ్యగా ఎవరూ చెప్పలేరు. ఒకసారి బోంగ్యో అతన్ని నిలదీసింది కూడా. అతను తన భార్యను, ఆమె బతికిన ఆఖరి ఏడాది, అలాగే శిఖరం దాకా తీసుకెళ్లానని చెప్పాడు. ప్రతి మలుపు దగ్గరా వచ్చేశాం వచ్చేశాం అంటూ. పైకెళ్లి సముద్రం చూసి ఆమె ఎంత సంతోషపడిందో చెప్పాడు. నిజం చెప్పి ఉంటే సగంలోనే దిగిపోయేది కదా అన్నాడు.  అది విన్నాక కూడా బోంగ్యో ఆ మాట మాత్రం అనలేదు.

తల్లి తనకు చెప్పకుండా కొండకు పోతోందని వాన్రూకు తెలిసిన రోజు ఇల్లు పీకి పందిరేసింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వెళ్తే లాయ్ సంఘంతోనే వెళ్లాలి, వాళ్లు చూసుకుంటారు. కూతురు మొహం చూసి బోంగ్యో ఒప్పుకుంది.

వాళ్లు ఆమె కోసమని తేలిక దారే ఎంచుకున్నారట. మొదటి మలుపు దగ్గర ఇంకొంచెమే అన్నారు. రెండో మలుపు దగ్గరా ఇంకొంచెమే. కాలువ పైనున్న చదును దగ్గరికి వచ్చేసరికి బోంగ్యో గుండె గొంతులో కొట్టుకోవడం మొదలైంది. కూర్చుండిపోయి, ఇక రానంది. సరే, ఇక్కడే ఉండు, దిగేటప్పుడు తీసుకెళ్తామని వాళ్లు పైకెళ్లారు. పైన మబ్బు కమ్మి వాన మొదలైంది. కంగారులో అందరూ అవతలి వైపు మెట్ల మీదుగా దిగి, బస్సు పట్టుకుని నా కొట్టు దగ్గరికి చేరారు. వేడివేడిగా పాలు తాగుతూ ఉండగా ఎవరికో గుర్తొచ్చింది. ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లతో ఉందనుకున్నారు, వెనకున్నవాళ్లు ముందున్నవాళ్లతో వెళ్లిందనుకున్నారు.

లాయ్ మొహంలో రక్తం లేదు. రక్షణ దళానికి ఫోన్ చేశారు. వాన్రూకు నేనే చేశాను. పనిలో వేసుకునే లేతాకుపచ్చ కోటుతోనే టాక్సీలో వచ్చి పడింది. ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. కొండ వైపు తిరిగి నిలబడి, కోటు అంచును నలుపుతూనే ఉంది. అది చూడలేక నేను కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

అంతలో తోట వెనక సందులో నుంచి బోంగ్యో నడుచుకుంటూ వచ్చింది. ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా చూసి, ఇక రారని లేచి, నీళ్ల చప్పుడు పట్టుకుని కాలువ గట్టుకు దిగి, నీళ్లతో పాటు వచ్చేసింది. అంతే. జనాన్ని చూసి, ఎవరికేమైందని అడిగింది. తప్పిపోయిన ముసలావిడ దొరికిందని ఎవరో ఫోన్లో చెప్తుంటే ఆ మనిషి వైపు తిరిగి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది.

"నేను తప్పిపోలేదు బాబూ. వీళ్లు నన్ను మర్చిపోయారు. ఆ రెండూ ఒకటి కాదు."

ఒకటి కాదని నాకు తెలుసు, మీకు తెలుసు. ఊరికి తెలియద్దూ? మర్నాటికల్లా ఆమె తప్పిపోయిన బోంగ్యో అయిపోయింది. మర్చిపోయినవాళ్లు మర్యాదస్తులు, మర్చిపోబడిన మనిషికి మతి లేదు. ఇదీ మా వార్డు న్యాయం. పెద్ద వయసువాళ్లు ఒంటరిగా కొండకు రాకూడదని వార్డు పెద్ద నా కొట్టు గోడకే నోటీసు అంటించాడు. నా ఎదుట అంటించి ఉంటే అప్పుడే చించి పారేసేదాన్ని. నేను కూరగాయలకు వెళ్లినప్పుడు అంటించాడు. ఇంట్లో వాన్రూ తల్లి రబ్బరు బూట్లు దాచేసింది. మా కొండ బురదలో ఆ బూట్లు లేకుండా ఎవరూ కాలు పెట్టరు.

మూడో రోజు పొద్దున బస్సులో నుంచి బోంగ్యో దిగింది. కాళ్లకు ఇంట్లో వేసుకునే ప్లాస్టిక్ చెప్పులు. వాటితోనే కాలువకు పోతానంటుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపుతుంటే వెనక బస్సులో వాన్రూ దిగింది. జనం ముందు తల్లీకూతుళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఆపరేషన్ గది బయట కూర్చున్నది నేనమ్మా, నువ్వు కాదు" అంది వాన్రూ. "ఆ తలుపు తెరిచి ఎవరొచ్చినా నా ప్రాణం పోయేది. ఇంకోసారి నావల్ల కాదు."

"లోపల పడుకున్నది నేనే. గుండె బాగుచేయించుకున్నది ఎందుకనుకున్నావే? సిమెంటు మీద అటూ ఇటూ తిరగడానికా? ఆ మాట ముందే చెప్తే కుట్లు వేయించుకోకపోదును."

 ఆ మాట కొంచెం ఎక్కువైందని బోంగ్యోకూ అర్థమైంది. కాస్త తగ్గి ఒక పందెం పెట్టింది. ఒక్క రోజు తన వెంట కాలువ మొదలు దాకా రావాలి. దారి తప్పితే బూట్లు తనే నా పొయ్యిలో పడేసి, బతికినంతకాలం నది ఒడ్డునే నడుస్తుంది. తప్పకపోతే మాత్రం వాన్రూ మళ్లీ తన కాళ్ల జోలికి రాకూడదు. బెంచీ చివర కూర్చున్న లాయ్ లేచి, సాక్షిగా నేనూ వస్తానన్నాడు. ఆ రోజు నుంచీ అతనికి నిద్ర లేదని కళ్లే చెప్తున్నాయి.

వాన్రూకు సెలవు దొరికిన రోజు పొగమంచు నా కొట్టు పైకప్పు దాకా దిగింది. ఇంకో రోజు వెళ్దామని లాయ్ అన్నాడు. ఎండ ఉన్న రోజు నడిచి చూపిస్తే ఎండకు పేరొస్తుందని బోంగ్యో, వాన్రూ వెంట తెచ్చిన బూట్లు తొడుక్కుంది. కొట్టు మూసి నేనూ బయల్దేరాను. ముందు బోంగ్యో, తర్వాత నేను, నా వెనక లాయ్, అందరికన్నా వెనక వాన్రూ.

తోట దాటి గట్టెక్కాం. మా పక్కన కాలువ అడుగున తడి మాత్రమే ఉంది. రాత్రి ఎగువన ఆకులు అడ్డుపడి ఉంటాయి, ముందు ముందు నీళ్లుంటాయిలే అనుకుంది బోంగ్యో. ముక్కు విరిగిన నేల దేవుడి గుడి పక్కన మొదటి పేలిక కట్టింది. వెనక్కి తిరిగి చూసింది, మమ్మల్నీ చూడమంది. ఇంకాస్త ముందుకెళ్లాక ఒక చెట్టుకు కట్టింది. ఆ తర్వాత ఒక ముళ్ల పొదకు. మంచులో ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు. పిట్టల చప్పుడు కూడా లేదు.

నాలుగో చీలిక దగ్గర, రిబ్బన్ల చెట్టు కింద, బోంగ్యో ఆగిపోయింది. అక్కడ పెద్ద కాలువ, దాంట్లోకి వచ్చి కలిసే పిల్ల కాలువ, ఎప్పుడో వదిలేసిన పాత కాలువ మూడూ ఒకచోట కలుస్తాయి. నీళ్లుంటే ఏది ఏదో పసిపిల్లకు కూడా తెలుస్తుంది. ఇప్పుడు మూడింట్లోనూ బురద, కుళ్లిన ఆకులు. మూడూ ఒకేలా ఉన్నాయి. బోంగ్యో వంగి అలవాటుగా చెయ్యి పెట్టింది. వేళ్లకు బురద అంటింది.

ఏటా చలికాలంలో నాట్లకు ముందు ఎగువన తూము మూసి పూడిక తీస్తారని అప్పుడు చెప్పాడు లాయ్. బోంగ్యో కాలువకు రావడం మొదలుపెట్టింది వసంతంలో. ఆమె ఈ కాలువ చలికాలాన్ని ఎప్పుడూ చూడలేదు. నీళ్లు ఎప్పుడూ ఉంటాయనే అనుకుంది.

ఎడమ దారి చూపించి లాయ్, ఇటే అయ్యుంటుంది, ఇన్ని రిబ్బన్లున్నాయి కదా అన్నాడు. గొంతులో నమ్మకం లేదు. బోంగ్యో మూడు దారులనూ చాలాసేపు చూసింది. ఏదో ఒకటి చూపించి పదండి అంటుందని నేను అనుకున్నాను. వెనక కూతురు నిలబడి ఉంది, బూట్లు పందెంలో ఉన్నాయి. ఎవరైనా అదే చేస్తారు.

"నాకు తెలియడం లేదు" అంది బోంగ్యో.

ఇన్నేళ్లుగా కొండలెక్కుతున్న లాయ్ ఆమె మొహంలోకి వింతగా చూశాడు. ఆ మాట అనొచ్చని అతనికెప్పుడూ తోచినట్టు లేదు. వాన్రూ ముందుకొచ్చింది.

"అంటే తప్పిపోయామా అమ్మా?"

"ఇంకా లేదు. తెలియకుండా ఇంకో అడుగు వేశామంటే తప్పిపోయినట్టే. ఇక్కణ్నుంచే వెనక్కి తిరుగుదాం. నా గుడ్డలున్నాయిగా."

తిరిగాం. ఆ వెనక్కి తిరగడంలోనే నాకు భయం వేసింది. వెళ్లేటప్పుడు చూసిన రాయి లేదు, చెట్టు లేదు, అన్నీ తెల్లగా ఉన్నాయి. కాసేపటికి దారి మళ్లీ రెండుగా చీలింది. ఇక్కడే ఎక్కడో కట్టానని బోంగ్యో కొమ్మలు తడుముతోంది. పేలిక లేదు. లాయ్ కూడా వెతికాడు. లేదు. ఆమె ఊపిరి బరువెక్కడం నాకు వినిపిస్తోంది. బోంగ్యోను అలా మొదటిసారి చూశాను.

అప్పుడు వాన్రూ కోటు జేబులో నుంచి చెయ్యి బయటకు తీసింది. గుప్పెట్లో గొడుగు గుడ్డ పేలికలు. అన్నీ. వెనక నడుస్తూ ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది.

లాయ్ నోరు తెరవబోతే నేను మోచేత్తో పొడిచాను. వాన్రూ తలెత్తలేదు. "నువ్వు ఓడిపోవాలనుకున్నానమ్మా" అంది. "ఓడిపోతే ఇంట్లో ఉంటావు. ఇంట్లో ఉంటే బతికుంటావు. అంతే అనుకున్నాను. నీళ్లు లేకుండా పోతాయని నాకేం తెలుసు."

చెంప పగలగొడుతుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. బోంగ్యో గుడ్డల వంక చూసింది, కూతురి చేతి వంక చూసింది.

"ఎక్కడెక్కడ విప్పావో గుర్తుందా?"

వాన్రూ ఆలోచించింది. ఆఖరిది విప్పేటప్పుడు వేలికి ముల్లు గుచ్చుకుందని వేలు చూపించింది. ఇంకా రక్తం చుక్క ఉంది. ఆ పొద పక్కన తెల్లటి రాయి, అంచు విరిగింది. అంతకు ముందు చెట్టుకు ఎర్రచీమలు పాకుతున్నాయి, చేతి మీదకు ఎక్కితే దులుపుకుంది. మొదటిది గుడి రెయిలింగు మీద, దేవుడి ముక్కు లేని వైపు. చెప్తూ చెప్తూ తనే నాలుగడుగులు వేసి, కుడి వైపు రెల్లు పక్కకు తోసింది. అంచు విరిగిన తెల్ల రాయి. పక్కనే ముళ్ల పొద.

"అయితే నువ్వు ముందు నడు" అంది తల్లి.

ఆ పిల్ల ముందు నడిచింది. నేను చెప్పేది మీరు నమ్మాలి, అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా ఎవరూ ఎవరినీ కొండ దింపి ఉండరు. రాయి జారుతుందంటే ఆగి, తల్లి చెయ్యి పట్టుకుని దాటించింది. చీమల చెట్టు దాకా వచ్చేసరికి ఆమే ముందుగా అలిసిపోయింది. ఇంకెంత దూరమమ్మా అని అడిగింది. లాయ్ నోట్లో ఆ మాట నాలిక చివరిదాకా రావడం నేను చూశాను. పాపం, మింగేశాడు.

"చాలా ఉంది" అంది బోంగ్యో. "ముందర ఒక ఎత్తు కూడా ఉంది. దాని ముందు కూర్చోవడానికి బండ ఉంది. కూర్చుని పోదాం."

బండ తడిగా ఉంది. అయినా కూర్చున్నాం. వాన్రూ అప్పుడు ఏడ్చింది. భయమేసిందంది. తనకూ వేసిందని బోంగ్యో ఒప్పుకుంది, పేలికలు లేవని చూసినప్పుడు మరీ వేసిందంది. సంచిలో నుంచి చిలగడదుంప తీసి, తొక్క ఒలిచి, సగం కూతురి చేతిలో పెట్టింది. అది తిన్నాక లేచాం. ముక్కులేని దేవుడు కనిపించేసరికి నేను చేతులు జోడించాను. మామూలుగా ఆయనను పట్టించుకోను.

కొట్టు తెరిచి అందరికీ పాలు వేడిచేశాక అసలు గొడవ మొదలైంది. పందెం ఎవరు గెలిచారు? కాలువ మొదలు దాకా వెళ్లలేదు కాబట్టి బోంగ్యో ఓడినట్టేనేమోనని లాయ్ నసిగాడు. సాక్షిని కదా, న్యాయం చెప్పాలి కదా అన్నాడు. నీ న్యాయం మా వార్డు పెద్ద న్యాయంలాగే ఉందని నేను లేచాను. బోంగ్యో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నీళ్లు పోయాయి, గుడ్డలు పోయాయి, మనం మాత్రం పోలేదు" అంది. "మనం నలుగురం వెళ్లాం లాయ్, నలుగురం వచ్చాం. నువ్వు కూడా లెక్కపెట్టుకో, అలవాటు చేసుకో."

లాయ్ చెవులు ఎర్రబడ్డాయి. గిన్నెలో తలదూర్చి పాలు తాగాడు. వాన్రూ బెంచీ మీద నుంచి లేచింది. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని బూట్లు లాగింది. వాటిని నా పంపు కింద పెట్టి, అడుగున చారల మధ్య ఇరుక్కున్న మట్టి కూడా గోటితో తీసి కడిగింది. ఆరబెట్టింది. తర్వాత తెచ్చి నా బెంచీ కింద, లోపలికి తోసి పెట్టింది.

"ఇవి నీ దగ్గరే ఉండనీ పిన్నీ" అంది నాతో. "ఇంట్లో ఉంటే మళ్లీ దాచేస్తాను. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

పేలికలు కూడా తీసి బూట్లలో కుక్కింది. తల్లికి ప్లాస్టిక్ చెప్పులు తొడిగి, బస్సు ఎక్కించి తీసుకెళ్లింది.

తూము మళ్లీ ఎత్తేసరికి కొత్త ఏడాది పండుగ కూడా అయిపోయింది. మెట్ల మీద దిగుతూ లాయ్ ఎక్కేవాళ్లతో వచ్చేశారు, ఇంకొంచెమే అంటూనే ఉన్నాడు. మారతాడని ఎవరనుకున్నారు. కాకపోతే బస్సెక్కే ముందు ఇప్పుడు తన మనుషులను వేలితో చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. వార్డు పెద్ద నోటీసు నా గోడ మీదే ఉంది. చించుదామనుకున్నాను కానీ బోంగ్యో వద్దంది. వచ్చినప్పుడల్లా దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, దాని కిందే కూర్చుని, నా బెంచీ కింద నుంచి బూట్లు తీసి తొడుక్కుంటుంది.

మొన్న పొద్దున కూడా అలాగే తొడుక్కుంది. పేలికలు జేబులో వేసుకుంది. మొహం కొంచెం పాలిపోయి ఉంది, ఊపిరి కొంచెం ముందుకన్నా గట్టిగా వినిపిస్తోంది. వాన్రూ ఫోన్ చేసి అమ్మ వచ్చిందా అని మాత్రం అడిగింది, ఆపమని అనలేదు. నేనే ఉండబట్టలేక, ఇవాళ ఎంత దూరం పోతావని అడిగాను.

"తిరిగొచ్చేంత దూరం" అని, తోట వెనక సందులోకి, నీళ్లకు ఎదురుగా నడిచింది.